అసెస్‌మెంట్ గదిలో అమ్మానాన్నల సాక్ష్యం

హైదరాబాద్ బంజారా హిల్స్ రోడ్ నంబర్ 2లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలం, విరాళం ఆసరాగా డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన సంస్థ అది. చదువులో తడబడే పిల్లల గురించిన వ్యాసం కంటి ఆసుపత్రి దగ్గర మొదలవడం వింతగా తోచవచ్చు. కానీ పిల్లవాడికి ఏ సాయం కావాలో శాస్త్రప్రకారం తేల్చాలంటే మొదటి మెట్టు అదే. బోర్డు మీద అక్షరం సరిగా కనబడనివాడు నోట్సులో తప్పుగానే ఎక్కించుకుంటాడు. తరచూ జలుబు చేసి మధ్యచెవిలో నీరు చేరిన పిల్లకి ఒక వారం బాగానే వినబడుతుంది, మరో వారం వినబడదు. ఆ రెండో వారం డిక్టేషన్ నిండా ఎర్ర గీతలే. ఇలాంటి పిల్లల్ని నేరుగా ఐక్యూ టెస్టుకు కూర్చోబెడితే వచ్చే అంకె వాళ్ల చూపునో వినికిడినో కొలిచినట్టు అవుతుంది. కళ్లూ చెవులూ చూపించారా అని అడగకుండానే అసెస్‌మెంట్ మొదలుపెట్టే కేంద్రం ఎదురైతే అక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ రోడ్ల మీద పిల్లల థెరపీ కేంద్రాల బోర్డులు ఇప్పుడు చాలానే కనిపిస్తాయి. ఖర్చు పెట్టుకోగలవారికి నిపుణులు దొరకడం కష్టం కాదు. స్కూలు డైరీలో ‘పిల్లవాణ్ని సైకాలజిస్టుకు చూపించండి’ అని రాసి పంపుతారు. తల్లిదండ్రులు అపాయింట్‌మెంట్ తీసుకుంటారు, బిడ్డను లోపలికి పంపి బయట కుర్చీల్లో కూర్చుంటారు, పది రోజులకి రిపోర్టు తీసుకుని స్కూలుకి ఇస్తారు. ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. మూల్యాంకనానికి అవసరమైన సమాచారంలో చాలాభాగం ఆ బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ల దగ్గరే ఉంటుంది. టెస్టు గంటన్నర చూస్తుంది. వాళ్లు ఎనిమిదేళ్లుగా చూస్తున్నారు.

ఈ పరీక్షల పుట్టుకలోనే సాయం చేయాలన్న ఉద్దేశం ఉంది. 1904లో ఫ్రెంచి ప్రభుత్వం మామూలు బడిలో నెగ్గుకురాలేని పిల్లల సంగతి చూడమని ఒక కమిషన్ వేసింది. అందులో సభ్యుడైన ఆల్‌ఫ్రెడ్ బినే, సహచరుడు థియొడోర్ సిమోన్‌తో కలిసి 1905లో 30 అంశాల కొలమానం తయారుచేశాడు. ఏ పిల్లవాడికి ప్రత్యేక బోధన కావాలో గుర్తించడం దాని పని. తెలివి పుట్టుకతో గడ్డకట్టిన పదార్థమనే వాదాన్ని బినే తర్వాతి రచనల్లో గట్టిగా వ్యతిరేకించాడు. 1913లో లండన్ కౌంటీ కౌన్సిల్ బడి పిల్లల కోసం ఒక సైకాలజిస్టును నియమించింది. ఆ ఉద్యోగంలో చేరినవాడు సిరిల్ బర్ట్. బ్రిటన్‌లో విద్యా మనోవిజ్ఞానం ఒక వృత్తిగా అలా మొదలైంది. తెలివి వంశపారంపర్యమని చెప్పడానికి బర్ట్ చూపించిన కవలల లెక్కలు నమ్మదగినవి కావని 1970లలో బయటపడింది. అదో పెద్ద కథ. ఇక్కడికి కావలసిందల్లా ఇంతే: ఈ రంగంలో అంకెలను అనుమానంతో చూడటం అలవాటు చేసుకోవడానికి తగిన కారణాలు ఈ రంగం చరిత్రలోనే ఉన్నాయి.

మన దేశంలో ఈ పని క్లినికల్ సైకాలజిస్టులు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు పంచుకుంటారు. 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వీరిని నమోదు చేసుకుని సీఆర్ఆర్ నంబరు ఇస్తుంది. రిపోర్టు కింద సంతకం పక్కన ఆ నంబరు ఉందో లేదో చూసుకోవడం తల్లిదండ్రుల హక్కు. అడిగితే నొచ్చుకునే నిపుణులు అరుదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో వచ్చే నిర్దిష్ట అభ్యసన వైకల్యం, అంటే వాడుకలో డిస్లెక్సియా, దానితోబాటే చెప్పుకునే ఇతర ఇబ్బందులు, ఆ జాబితాలో చేరాయి. దాన్ని ఎలా నిర్ధారించాలో చెప్పే మార్గదర్శకాలు 2018 జనవరిలో వచ్చాయి. 2024 మార్చిలో కేంద్రం మార్గదర్శకాలను సవరించింది. 2018 పత్రం ప్రకారం మూడో తరగతిలోనో ఎనిమిదేళ్లకో, ఏది ముందైతే అప్పుడు, టీచర్లు పిల్లల్ని ప్రాథమికంగా పరిశీలించాల్సి ఉండేది. తర్వాత పిల్లల డాక్టరు చూపు, వినికిడి, నాడీ వ్యవస్థ చూసేవారు. ఆపైన సైకాలజిస్టు ముందు ఐక్యూ పరీక్ష చేసేవారు. అది 85 దాటితే బెంగళూరు నిమ్‌హాన్స్ తయారుచేసిన పరీక్షల సముదాయంతో చదవడం, రాయడం, లెక్కలు చూసేవారు.

ఆ పత్రంలో తల్లిదండ్రుల ప్రస్తావన వచ్చే ఒక చోటు గమనించదగ్గది. బిడ్డ చదువుమీద వారికి శ్రద్ధ ఎంతుందో తెలుసుకోవడానికి బడి కమిటీ వారిని పిలిచి మాట్లాడాలని ఉంది. అంటే అక్కడ వారు అనుమానితుల వరసలో నిలబడ్డారు. ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల వెనకబడిన పిల్లల్ని వేరుచేయాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. అయినా అదే సమావేశంలో వారిని అడగవలసిన మొదటి మాట వేరే ఉందని నా అభిప్రాయం: మీరేం గమనించారు?

ఇక ఆ 85 అనే గీత సంగతి. ఐక్యూ పరీక్షల సగటు 100, ప్రామాణిక విచలనం 15. ఒక పరీక్ష విశ్వసనీయత 0.9 అనుకుందాం. ఇది మంచి పరీక్షకు ఉండే స్థాయి. అప్పుడు కొలతలో వచ్చే ప్రామాణిక దోషం దాదాపు 4.7 పాయింట్లు. నూటికి 95 పాళ్లు నమ్మకంతో చెప్పాలంటే అటూ ఇటూ తొమ్మిదేసి పాయింట్లు వదిలిపెట్టాలి. కాబట్టి 84 వచ్చిన పిల్లవాడి అసలు స్థాయి 75కీ 93కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆరోజు నిద్ర చాలకపోయినా, పరీక్ష చేసే మేడమ్‌ని చూసి బెదిరినా గీతకు అవతల పడతాడు. 86 వచ్చిన పిల్లవాడు ఇవతల ఉంటాడు. ఇద్దరికీ నిజంగా తేడా ఉందని గణితం చెప్పదు, కాగితం మాత్రం చెబుతుంది.

పైగా మన దగ్గర ఎక్కువగా వాడిన మాలిన్ పరీక్ష, అంటే మిసిక్, 1969లో నాగపూర్‌లో ఆర్థర్ మాలిన్ భారతీయ పిల్లల కోసం మలచినది. తరాలు మారేకొద్దీ సగటు స్కోర్లు పెరుగుతాయని జేమ్స్ ఫ్లిన్ 1984లో అమెరికా లెక్కలతో చూపించాడు. పదేళ్లకి సుమారు మూడు పాయింట్లు. పాత కొలబద్దతో ఈనాటి పిల్లల్ని కొలిస్తే స్కోరు ఉన్నదానికంటే ఎక్కువగా కనబడే ప్రమాదం ఉంది. ‘టెస్టులో నార్మల్ వచ్చింది, వీడు బద్ధకస్తుడంతే’ అన్న తీర్పు కొందరు పిల్లలమీద ఇలా కూడా పడుతుంది.

ఒక రిపోర్టు నచ్చక మరో కేంద్రానికి వెళ్లి కొద్ది నెలల్లోనే మళ్లీ అదే పరీక్ష చేయించే తల్లిదండ్రులు ఉన్నారు. రంగు దిమ్మెలతో బొమ్మ పేర్చడం, ముక్కలు కలిపి ఆకారం చేయడం లాంటి పనులు రెండోసారికి చేతికి అలవాటైపోతాయి. స్కోరు పెరుగుతుంది, పిల్లవాడి పరిస్థితి ఉన్నచోటే ఉంటుంది. ముందు చేయించిన పరీక్ష సంగతి రెండో నిపుణుడికి దాచితే ఆయన చేతిలో పెట్టేది తప్పుడు కొలత.

మరి తల్లిదండ్రుల సాక్ష్యం ఎక్కడ పనికొస్తుంది? సినిమావాళ్లు ఎక్కువగా ఉండే ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్లలో సులభంగా ఊహించుకోగల ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడో తరగతి పిల్లవాడు. తెలుగు వాచకంలో ఒక పేరా చదవడానికి చెమటలు పడతాయి. కానీ చూసిన సినిమాలో డైలాగులు పొల్లుపోకుండా, హీరో విరుపులతో సహా అప్పజెబుతాడు. వచ్చినవాళ్లందరి ముందూ చెప్పించి ఇంట్లో మురిసిపోతారు. ‘ఇంత జ్ఞాపకశక్తి ఉన్నవాడికి చదువు రాకపోవడమేంటి, మొండితనం’ అని తేల్చేస్తారు. సైకాలజిస్టుకు ఇది మురిపెం కాదు, ఆధారం. అయితే దేనికి ఆధారమో డైలాగు వింటే తెలియదు. పిల్లవాడు ఆ డైలాగును సందర్భం చూసి వాడుతున్నాడా, అక్కను ఏడిపించడానికి మాట మార్చి కొత్తగా అల్లుతున్నాడా, విన్నవాళ్లు నవ్వారో లేదో వాళ్ల ముఖంలోకి చూస్తున్నాడా? అలాగైతే వినికిడి, మాట, జ్ఞాపకం, నలుగురితో కలివిడి బాగానే ఉన్నాయి, చిక్కు అచ్చు అక్షరం దగ్గరే ఉందని అనుమానించవచ్చు. అలా కాక మంచినీళ్లు కావాలన్నా, భయమేసినా, ఎవరు పలకరించినా అదే డైలాగు అదే స్వరంలో వస్తుంటే, మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంటే, ఆటిజం వైపు చూడవలసి ఉంటుంది. బయటికి ఒకేలా కనబడే అలవాటు రెండు వేర్వేరు దారులు చూపిస్తోంది. ఏ దారో చెప్పగలిగినవాళ్లు ఇంట్లోవాళ్లే.

అందుకే మంచి నిపుణులు తల్లి గర్భిణిగా ఉన్నప్పటి సంగతుల నుంచి అడుగుతారు. కాన్పు ఎలా జరిగింది, పుట్టగానే ఏడ్చాడా, ఫిట్స్ వచ్చాయా, మొదటి మాట ఎప్పుడు, వచ్చిన మాటలు మధ్యలో పోయాయా. ‘వాళ్ల నాన్నకీ లేటుగానే మాట వచ్చింది’ అని నాయనమ్మ సర్దిచెప్పే మాట కూడా రాసుకోదగ్గదే. చదువులో ఇబ్బందులకు వంశంతో సంబంధం ఉందని పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. సినిమా పనుల్లో ఉన్న కుటుంబాల్లో తండ్రి నెలల తరబడి అవుట్‌డోర్‌లో ఉండవచ్చు. అతను చూసిన బిడ్డ, తల్లి చూసిన బిడ్డ ఒకేలా ఉండరు. ఇద్దరినీ విడివిడిగా అడిగితే వచ్చే తేడాను తప్పుగా కొట్టిపారేయకూడదు, అదీ సమాచారమే.

తల్లిదండ్రుల మాటమీదే నడిచే పరీక్షలూ ఉన్నాయి. అమెరికాలో ఎడ్గర్ డాల్ 1935లో ప్రచురించిన వైన్‌లాండ్ కొలమానాన్ని మాలిన్ మనకు అనువుగా మార్చాడు. 89 అంశాలు. సొంతంగా తినడం, బట్టలు వేసుకోవడం, ఒంటరిగా వీధిలోకి వెళ్లిరావడం, మాట్లాడటం, నలుగురితో కలవడం వంటివి. ఇక్కడ తెలుగిళ్ల అలవాటు ఒకటి అడ్డొస్తుంది. ఏడేళ్లొచ్చినా అమ్మో అమ్మమ్మో ముద్దలు కలిపి నోట్లో పెడుతూనే ఉంటారు. షూ లేసులు పనిమనిషి కడుతుంది. పరీక్షలో ‘తనంతట తాను తింటాడా’ అన్న ప్రశ్నకు ‘లేదండీ’ అని జవాబొస్తే సామాజిక పరిపక్వత తగ్గినట్టు లెక్క తేలుతుంది. చేయలేకపోవడం వేరు, చేయనివ్వకపోవడం వేరు. ఆ ముక్క విడదీసి చెప్పవలసింది తల్లే, విడదీసి అడగవలసింది నిపుణురాలే.

ఈ విషయంలో మన ఊరికి చెప్పుకోదగ్గ పాత్ర ఉంది. 1984లో సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థ, ఆనాటి నిమ్హ్, ఇప్పటి నీపిడ్, దేశమంతా వాడే అనేక పరికరాలను తయారుచేసింది. ఆటిజం తీవ్రతను అంచనా వేసే ఇసా అనే భారతీయ కొలమానం అక్కడ పుట్టిందే. 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 వరకు స్వల్పం, 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. పిల్లవాణ్ని గమనించడం, తల్లిదండ్రులతో మాట్లాడటం రెండూ కలిస్తేనే అది పూర్తవుతుంది. 1990లలో అదే సంస్థలో రీటా పెషావరియా, ఆమె సహచరులు కుటుంబాల అవసరాలను నమోదు చేసే పట్టిక ఒకటి రూపొందించారు. బిడ్డకు ఏం కావాలన్నదాంతో ఆగకుండా ఆ ఇంటికి ఏం కావాలో అడగడం అప్పట్లోనే మొదలైందన్నమాట. మన ఖరీదైన కేంద్రాలు చాలావరకు ఆ రెండో ప్రశ్నను ఇంకా అడగడం లేదు.

భాష విషయం వచ్చేసరికి నిపుణుడికి తల్లిదండ్రుల అవసరం మరీ ఎక్కువ. ఇంగ్లిష్ అక్షరాల్లో బి, డి తారుమారు కావడం గురించి అందరూ విన్నారు. తెలుగులో తడబాటు వేరే చోట ఉంటుంది. మ, య ఒకదానికొకటి అయిపోతాయి. ద పక్కన ధ, ప పక్కన ష నిలబడి తికమకపెడతాయి. దీర్ఘాలు కుదించుకుపోతాయి. ‘అమ్మ’ను ‘అమ’ అని రాస్తారు, ఒత్తు జారిపోతుంది. ‘శాస్త్రం’లో మూడు హల్లులు ఒకదానికింద ఒకటి చేరేసరికి చూపు ఎక్కడ ఆనించాలో తెలియదు. మన లిపిలో రాసినట్టే చదువుతాం కాబట్టి ఇబ్బంది ఉన్న పిల్లలు తప్పులకంటే నెమ్మదితనంతోనే ఎక్కువగా పట్టుబడతారు. కూడబలుక్కుని సరిగానే చదువుతారు, కానీ వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరచిపోతారు. గుణింతాలు, ఒత్తులు పూర్తిగా పట్టుబడటానికి మామూలు పిల్లలకే ఏళ్లు పడుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దుగ్గిరాల వసంత వంటి భాషాశాస్త్రజ్ఞులు తెలుగు చదివే పిల్లలు ధ్వనులను ఎలా విడదీస్తారో పరిశోధించారు. అయినా బంజారా హిల్స్ కేంద్రాల్లో చదివించి చూసేది ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, ఆడుకునేచోట హిందీ నడిచే పిల్లవాడు ఇంగ్లిష్ పరీక్షలో వెనకబడితే అది రెండో భాష ఇంకా పట్టుబడకపోవడం కావచ్చు. రెండు భాషల్లోనూ ఒకే తీరు తడబాటు ఉంటేనే అనుమానం బలపడుతుంది. కాబట్టి అపాయింట్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు తెలుగు నోట్సు, ఇంగ్లిష్ నోట్సు రెండూ, వీలైతే గతేడాదివి కూడా, సంచిలో వేసుకెళ్లాలి. కొట్టివేతలున్న రఫ్ నోటు అయితే మరీ మంచిది. ట్యూషన్ టీచరు దిద్ది రాయించిన ఫెయిర్ కాపీ ఎవరికీ ఏమీ చెప్పదు. ఇంట్లో గట్టిగా చదువుతుండగా ఫోన్‌లో రెండు నిమిషాలు తీసిన వీడియో, పిల్లవాడికి చెప్పి తీసినది, కొన్నిసార్లు ఒక పరీక్షకు సరిపోయేంత ఆధారం ఇస్తుంది.

ఇంతవరకూ చెప్పినదంతా ఫీజు కట్టగలవారి కథ. ఫిల్మ్‌నగర్ అంటే క్లబ్బూ బంగళాలే కాదు. కొండ వాలున ఉన్న బస్తీల్లో లైట్‌మెన్లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఇళ్లలో పనిచేసే అమ్మలు ఉంటారు. వాళ్ల పిల్లల కోసం ఉన్నవి వేరే తలుపులు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటినుంచి 18 ఏళ్ల దాకా పిల్లల ఎదుగుదలలో లోపాలను ఉచితంగా గుర్తించి జిల్లా కేంద్రాలకు పంపాలి. ప్రత్యేక అవసరాలున్న ప్రభుత్వ బడి పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. బోయినపల్లి సంస్థ ఉంది, కానీ బస్తీనుంచి అక్కడికి రానూపోనూ ఒక రోజు కూలి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ దగ్గరే. అక్కడికి బిడ్డను తీసుకెళ్లడానికి తల్లులు జంకుతారు. ఆ జంకులో మన సినిమాలకూ వాటా ఉంది. ‘ఎర్రగడ్డ’ అన్న మాటను నవ్వులాటగా జనం నోళ్లలో నానబెట్టింది మన కామెడీ ట్రాకులే.

రిపోర్టు చేతికొచ్చాక ఏం చూడాలి? అంకెలున్న పేజీకంటే సిఫారసుల పేజీ ముఖ్యం. ‘స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరం, థెరపీ కొనసాగించాలి’ అని రెండు ముక్కల్లో ముగిస్తే అది ఏ పిల్లవాడికైనా అతికే రిపోర్టు. వారానికి ఎన్ని పీరియడ్లు, ఎవరు, ఏ పద్ధతిలో చదివిస్తారు, క్లాసులో ఎక్కడ కూర్చోబెట్టాలి, బోర్డు మీదిది ఎక్కించుకోమనకుండా అచ్చు కాగితం ఇవ్వాలా, సైన్సు జవాబు నోటితో చెబితే ఒప్పుకోవాలా, మూడు నెలల తర్వాత ఏం చూసి మెరుగుపడ్డాడంటాం — ఇవి రాసి ఉండాలి. లేకపోతే రిపోర్టు మీద సంతకం చేసినవారినే కూర్చోబెట్టి రాయించుకోవాలి. స్కూల్లో తల్లిదండ్రులు, నిపుణులు, క్లాస్ టీచర్ కలిసి ఒకసారి మాట్లాడుకుంటే ఆ పేజీకి ప్రాణం వస్తుంది. పరీక్షల్లో అదనపు సమయం విషయంలో 2018 ఆగస్టు నాటి కేంద్ర మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాలు ఇవ్వాలన్నాయి. మూడు గంటల పేపరుకు మరో గంట. దాన్ని ‘కన్సెషన్’ అని తక్కువగా చూసే టీచర్లున్నారు. కళ్లద్దాలు పెట్టుకుని పరీక్ష రాసే పిల్లను ఎవరూ అలా అనరు.

కొన్ని దేశాల్లో తల్లిదండ్రుల పాత్ర చట్టంలోనే ఉంది. ఇంగ్లండ్‌లో 2014 నాటి చట్టం ప్రకారం తల్లిదండ్రులే స్థానిక అధికారులను మూల్యాంకనం కోరవచ్చు. మొత్తం వ్యవహారం 20 వారాల్లో తేలాలి, విద్యా మనోవిజ్ఞాన నిపుణుల సలహా తప్పనిసరి, తీర్పు నచ్చకపోతే ట్రిబ్యునల్ ఉంది. ఆ గడువులు అక్కడా తరచు దాటిపోతుంటాయి. అమెరికా చట్టం ప్రకారం మొదటిసారి పరీక్ష చేసేముందు బడి తల్లిదండ్రుల సమ్మతి కోరాలి. వీలైనంతవరకు పిల్లవాడి సొంత భాషలోనే చేయాలి. అక్కడినుంచి హైదరాబాద్ తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలు బిడ్డ ఐఈపీ (వ్యక్తిగత విద్యా ప్రణాళిక) ఫైలు వెంట తెచ్చుకుంటాయి. మన బళ్లకు దాన్ని పాటించే చట్టబద్ధమైన బాధ్యత లేదు. కానీ అందులో ఏడాదికేడాది రాసిన లక్ష్యాలు ఇక్కడి సైకాలజిస్టుకు చక్కగా ఉపయోగపడతాయి.

మన దగ్గర 2018 పద్ధతిలో అభ్యసన వైకల్య ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇచ్చేవారు. 14 ఏళ్లప్పుడు ఒకసారి, 18 ఏళ్లప్పుడు మరోసారి పరీక్షించాల్సి ఉండేది. పద్దెనిమిదేళ్లకు ఇచ్చినది జీవితాంతం చెల్లేది. ఎనిమిదేళ్లప్పుడు అంతా అమ్మానాన్నలే చెప్పారు. పద్నాలుగో ఏట ఆ గదిలో చెప్పవలసిన మనిషి మరొకరున్నారు. ఏ సబ్జెక్టులో చెయ్యి నొప్పెడుతుందో, ఎవరి క్లాసులో పాఠం తలకెక్కుతుందో, జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ పక్కన కూర్చుంటే స్నేహితుల ముందు సిగ్గేస్తుందో లేదో తనకు తెలుసు. అప్పటికి పిల్లల్లో చాలామంది తమ రిపోర్టు ఎన్నడూ చదివి ఉండరు. అపాయింట్‌మెంట్‌కు వారం ముందే దాన్ని వాళ్ల చేతికిచ్చి, అర్థం కాని ముక్కలు విడమరచి చెప్పి, తప్పనిపించిన చోట పెన్సిలుతో గీత పెట్టమనవచ్చు.